ఉచితం సరే, ఎవరికి?

ఇంటర్నెట్‌లో పాఠాలు ఉచితం, పుస్తకాలు ఉచితం, ఇక చదువుకోవడమే తరువాయి అని మన పిల్లలకు సభల్లో చెప్పి పోతుంటారు. ఆ ఉచితంలో గోండి ఎంత, కోయ ఎంత, కొలామి ఎంత అని మాత్రం ఎవరూ చెప్పరు. 2011 జనగణనలో గోండి తమ మాతృభాష అని చెప్పినవాళ్లు 29 లక్షలకు పైనే. అంతమంది భాషలో ఒకటో తరగతి పిల్లకు పనికొచ్చే పాఠం కోసం ఫోన్‌లో వెతికి చూడండి. దొరికేది ఎక్కువగా మన గురించి రాసినదే, మన కోసం రాసినది కాదు.

మన దగ్గర సరుకు లేకనా? 1943లోనే మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం పెట్టారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపి రాతప్రతులు వెలుగులోకి వచ్చాయి. 2017లో మసరాం గోండి లిపికి, 2018లో గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. హైమెన్‌డార్ఫ్ మన గూడేల్లో తీసిన ఫోటోలు లండన్‌లోని సోయస్‌లో భద్రంగా ఉన్నాయి. మన తాతల ముఖాలు లండన్‌లో ఉన్నాయి. ఆ ముఖాల కింద పేర్లు రాయించగలిగిన ముసలివాళ్లు ఇక్కడ ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

అందుకే మన భాషల పాఠాలు, కథలు, పాటలు ఉచితంగా ఇచ్చే వెబ్‌సైట్ మనమే పెట్టాలి, మనమే నడపాలి. ముందు ఏ లిపో తేలాలి అనేవాళ్లకు ఒక్కటే జవాబు. తెలుగు లిపిలో, గుంజాల లిపిలో పక్కపక్కనే పెడదాం. అవ్వ గొంతులో రికార్డు చేసిన కథకు లిపితో పనే లేదు.

"జ్ఞానం అందరిదీ, అంతా ఎక్కించేయండి" అనే మిత్రులతోనే నా అసలు పేచీ. పర్ధాన్ కిక్రి వాయిస్తూ వంశగాథ చెబుతాడు. ఎవరో రికార్డు చేసి ఆన్‌లైన్‌లో పెడతారు. చాలా వీడియోల కింద ఛానల్ పేరు ఉంటుంది, పాడినవాడి పేరు ఉండదు, ఊరి పేరు ఉండదు. 1957 కాపీరైట్ చట్టం దృష్టిలో రికార్డింగుకు కర్త దాని నిర్మాతే. పాడినవారికి ప్రదర్శకుల హక్కు ఉంది. 2012 సవరణతో తమ పేరు చెప్పించుకునే హక్కూ వచ్చింది. ఆ సంగతి తాతకు ఎవరు చెప్పారు?

పాఠం, పదకోశం, పిల్లల కథ, పొడుపుకథ అందరికీ ఇద్దాం. కానీ పెర్సాపేన్ పూజలో ఆ వంశం వాళ్లకే చెందిన ఘట్టాలున్నాయి. వనమూలికల మందు చెప్పే పెద్దలున్నారు. అవి ఎక్కించాలా వద్దా అన్నది వాళ్ల మాట. అడిగి, వద్దంటే ఆగాలి. ఇంటికొచ్చినవాడికి అన్నం పెట్టడం వేరు, వాడు గాదె మోసుకుపోతుంటే చూస్తూ కూర్చోవడం వేరు.

నడపడం అంటే ఒక్కరోజు ప్రారంభోత్సవం కాదు. వెబ్‌సైట్ పేరుకు గడువు తీరేలోపు మళ్లీ డబ్బు కట్టాలి. పాస్‌వర్డ్ ఒక్క కుర్రవాడి దగ్గరే ఉంటే, అతనికి పట్నంలో ఉద్యోగం రాగానే సైట్ మూతపడుతుంది. కనీసం ముగ్గురి దగ్గర ఉండాలి, అందులో ఒక చెల్లెలు ఉండాలి. పుస్తకం పేజీలను ఫోటో తీసి పెట్టి చేతులు దులుపుకోవద్దు. ఫోటోలోని మాటను వెతకలేం, మార్చి మన పిల్లలకు తగ్గట్టు రాసుకోలేం, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట అది తెరుచుకోదు కూడా. టైపు చేసి పెట్టండి. సిగ్నలే లేని గూడేనికి మెమరీ కార్డులో పంపండి. కొండెక్కితే తప్ప అందని పాఠం మన పిల్లకు ఉచితం ఎలా అవుతుంది?

ఉపాధ్యాయ మిత్రులారా, పై నుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఎదురుచూడకండి. ఈ వేసవి సెలవుల్లో మీ బడి నుంచి నూరు మాటలు, ఒక కథ, ఒక పాట చాలు. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీ చేతిలో ఫోన్ ఉంది. రికార్డు బటన్ నొక్కే ముందు తాతను అడగండి, ఆయన పేరు, ఊరు రాసుకోండి. ఎక్కించాక మొదట ఆయనకే వినిపించండి.