ఊరు మారే ఖర్చు ఎవరు మోయాలి?

మాంద్యం వచ్చిన ప్రతిసారీ ఉద్యోగం లేని పిల్లలకు దొరికే సలహా ఒక్కటే: ఊరు మారండి. ఉమ్మడి చిత్తూరు జిల్లా వారికి ఈ మాట కొత్త కాదు. కుప్పం, పలమనేరు వాళ్లు బెంగళూరు దారి పడతారు. నగరి, సత్యవేడు వాళ్లకు చెన్నై దగ్గర. పీలేరు పక్క పల్లెల నుంచి కువైట్ దాకా పోయినవాళ్లున్నారు. మూడు రాష్ట్రాలు కలిసే ఈ నేల మీద ధైర్యం చాలక ఆగిపోయేవాళ్లు తక్కువ. ఆగేది డబ్బు దగ్గర. ఊరు మారడానికయ్యే ఖర్చునూ, మారాక పని పోతే వచ్చే నష్టాన్నీ మొత్తంగా కుటుంబం నెత్తిన వేసి, కదలడానికి భయపడుతున్నారని యువతను తప్పుపట్టడం అన్యాయం.

ఆ ఖర్చు సంగతి చూద్దాం. బెంగళూరులో ఇల్లు అద్దెకు కావాలంటే పది నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం ఏళ్లనాటి ఆనవాయితీ. తమిళనాడు 2017 నాటి చట్టంలో మూడు నెలల అద్దెను హద్దుగా పెట్టింది. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం రెండు నెలలు చాలంది. కానీ రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది పనిచేస్తుంది. అడ్వాన్సు, ప్రయాణం, మొదటి జీతం చేతికొచ్చేదాకా తిండి ఖర్చు, వీటన్నిటికీ మామూలు ఇంట్లో ఉన్న ఆధారం అమ్మ బంగారమే. మంచి రోజుల్లో కొన్ని నెలల జీతంతో ఆ బంగారం విడిపించుకోవచ్చు. చెడ్డ రోజుల్లో మూడో నెలకే ఉద్యోగం పోవచ్చు. 2025 జులైలో టీసీఎస్ అంతటి సంస్థే సిబ్బందిలో దాదాపు 2 శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా తగ్గించుకుంటామని ప్రకటించింది. అప్పుడు పిల్లవాడు ఇంటికి తిరిగొస్తాడు, బంగారం బ్యాంకులోనే ఉంటుంది.

అందుకే మాంద్యంలో వలస పెరుగుతుందన్న మన అంచనా తరచూ తప్పుతుంది. ఊళ్లు మారడం అలవాటైన అమెరికాలోనే 2008 సంక్షోభ కాలంలో ఇల్లు మారినవారి శాతం, 1948లో లెక్కలు మొదలయ్యాక ఎన్నడూ లేనంత తక్కువకు పడింది. మన దేశంలో కరోనా కాలం ఇంకో సంగతి చెప్పింది. 2018-19లో ఉపాధిలో వ్యవసాయం వాటా 42.5 శాతం; 2020-21 నాటికి అది 46.5 శాతానికి పెరిగింది. సేద్యంలో లాభాలు చూసి జనం వెళ్లలేదు, వేరే చోటు లేక వెళ్లారు. ఆ నేల ఆసరా ఎంత బలహీనమో 2025 మామిడి సీజన్ చూపించింది. తోతాపురికి ధర పడిపోతే, గుజ్జు పరిశ్రమలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా ఏర్పాటు చేయాల్సి వచ్చింది. అలాంటి తోటను నమ్ముకుని నగరం నుంచి వచ్చిన కొడుకును కూడా పోషించడం ఏ రైతుకు సాధ్యం?

పోనీ, పక్కనున్న పట్టణమే దిక్కు అనుకుందామా? తిరుపతి అనుభవం అదీ కాదంటుంది. 2020 మార్చి 20న తిరుమలలో దర్శనాలు ఆగాయి. మళ్లీ మొదలైంది జూన్‌లో. ఆ రెండున్నర నెలలూ లాడ్జీలు, హోటళ్లు, జీపులు, పూల దుకాణాలు, వాటి మీద బతికే వేల ఇళ్లు ఒక్కసారిగా రాబడి కోల్పోయాయి. సరిగ్గా ఆ సమయంలోనే బెంగళూరు, చెన్నైల నుంచి మనవాళ్లు తిరిగొచ్చారు. పోయినచోటా పని లేదు, వచ్చినచోటా లేదు. ఒకే ఆదాయ మార్గం మీద నడిచే ఊరు కష్టకాలంలో ఎవరికీ నీడ కాలేదు. కాబట్టి ఉన్న ఊళ్లోనే ఉండిపొమ్మనడం కూడా సరైన సలహా కాదు.

మరి దారేది? జవాబు మన సరిహద్దు పక్కనే ఉంది. 2001 ఫిబ్రవరి 28న కోలార్ బంగారు గనులు మూతపడ్డాయి. ఒక శతాబ్దానికి పైగా చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల కూలీలు చెమటోడ్చిన గనులవి. వాటిని నడిపిన సంస్థ కిందే చిత్తూరు జిల్లాలో ఉన్న చిగురుగుంట, బిసానత్తం గనులూ ఆగిపోయాయి. ఉన్న పళంగా పని పోయిన ఆ కుటుంబాలన్నీ బెంగళూరుకు కాపురం మార్చలేదు. గని కాలనీల్లోని ఇళ్లు వదలకుండా, తెల్లవారకముందే రైలెక్కి దాదాపు వంద కిలోమీటర్లు పోయి, రాత్రికి తిరిగొచ్చే జీవితాన్ని వేలమంది ఎంచుకున్నారు. కుప్పం నుంచి బెంగళూరుకు రోజూ పోయివచ్చేవారి లెక్కా ఇదే. నగరపు జీతం, సొంతూరి ఖర్చు. అప్పు లేకుండా ఊరు మారడానికి పేదలు కనిపెట్టుకున్న పద్ధతి ఇది.

ఇందులో బాధ లేదనను. రోజుకు నాలుగైదు గంటలు రైల్లోనే పోతాయి. ఒళ్లు హూనమవుతుంది, పిల్లల చదువు చూసే తీరిక ఉండదు, పైమెట్టు ఉద్యోగానికి కావాల్సిన కొత్త పని నేర్చుకునే సమయమూ మిగలదు. దీన్నే శాశ్వత ఏర్పాటుగా మెచ్చుకుంటే తప్పే. కానీ మాంద్యం గడిచేదాకా ఒక కాలు ఇంట్లో, ఒక కాలు నగరంలో ఉంచుకోవడం పిరికితనం కాదు, వివేకం. ఆ వివేకానికి ప్రభుత్వం చేయూతనివ్వాలి.

పని ఇంటికి దగ్గరగా రావడం ఎంత ముఖ్యమో సత్యవేడు, తడల పక్కనున్న శ్రీసిటీ పారిశ్రామికవాడ చూపిస్తోంది. ప్రపంచం ఆర్థిక సంక్షోభంలోకి జారుతున్న 2008 ఆగస్టులోనే అది మొదలైంది. 2014 నవంబరు 1న తమిళనాడులోని శ్రీపెరంబుదూరు నోకియా కర్మాగారం ఆగిపోయి వేలమంది యువత రోడ్డున పడితే, మరుసటి ఏడాదే శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. ఒక కంపెనీ పోయినా మరో కంపెనీ బస్సు దూరంలో ఉంటే కార్మికుడు కాపురం మార్చనక్కర్లేదు. అయితే ఆర్డర్లు తగ్గినప్పుడు మొదటి వేటు కాంట్రాక్టు కార్మికుల మీదే పడుతుంది. వాళ్లకు రక్షణ లేకపోతే పని దగ్గరున్నా భయం దూరం కాదు.

చట్టం ఒకప్పుడు ఈ బాధను గుర్తించింది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, కాంట్రాక్టరు తీసుకెళ్లే కూలీకి నెల కూలిలో సగం స్థానచలన భత్యంగా, ప్రయాణ ఖర్చు అదనంగా ఇవ్వాలంది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడ్ ప్రయాణ భత్యాన్ని ఉంచి, స్థానచలన భత్యాన్ని వదిలేసింది. వలస భారం యజమానిదీ కూడా అన్న సూత్రాన్నే అలా జారవిడిచారు. దాన్ని తిరిగి తేవాలి.

మిగతా పనులకు కొత్త చట్టం కూడా అక్కర్లేదు. కుప్పం-బెంగళూరు, తిరుపతి-చెన్నై మార్గాల్లో షిఫ్టు వేళలకు సరిపడే రైళ్లు నడపాలి. తడ, సత్యవేడు చుట్టూ తక్కువ అద్దె కార్మిక వసతి గృహాలు, ముఖ్యంగా ఆడపిల్లలకు, కట్టాలి. ఈఎస్ఐ కింద ఉద్యోగం పోయినవారికి గరిష్ఠంగా 90 రోజుల భృతి ఇచ్చే పథకం 2018 నుంచీ ఉంది. కరోనా కాలంలో ఆ భృతిని సగటు వేతనంలో సగానికి పెంచారు. అది అందాల్సినవాళ్లకు దాని ఊసే తెలియదు. ప్రతి కర్మాగారం గేటు దగ్గరా తెలుగులో ఆ వివరాలు రాసిపెట్టాలి.

వెళ్లబోయే పిల్లలకూ ఒక మాట. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బడిగే కన్సల్టెన్సీ గడప తొక్కకండి. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా అని చేరకముందే అడగండి. ఒకరు ముందు వెళ్లి కుదురుకున్నాకే కాపురం మార్చండి. జీతం ఆగితే మూడు నెలలు గడిచే డబ్బు చేతిలో లేకుండా ఇంటి అడ్వాన్సు కట్టకండి. మీ జాగ్రత్త మీకుండాలి. కానీ ఊరు మారే ఖర్చులో యజమాని, ప్రభుత్వం తమ వాటా భరించేదాకా, ఊరు మారమని సలహా చెప్పే హక్కు వాళ్లకు లేదు.