భయానికీ కులం ఉంది: హారర్ నవలలు, సినిమాలు, అభిమానులు అడగని ప్రశ్న

హారర్ అభిమానులు ఇద్దరు కలిస్తే 'ది షైనింగ్' ప్రస్తావన రాక మానదు. స్టీఫెన్ కింగ్ నవల 1977లో వచ్చింది, స్టాన్లీ కుబ్రిక్ సినిమా 1980లో. ఆ సినిమా తనకు నచ్చలేదని కింగ్ బాహాటంగానే చెప్పాడు. అప్పటి నుంచీ నవల గొప్పదా, సినిమా గొప్పదా అన్న పంచాయితీ తెగలేదు. నవలలో గది నంబరు 217, సినిమాలో 237. నవలలో జంతువుల ఆకారంలో కత్తిరించిన పొదలు కదులుతాయి, సినిమాలో వాటి బదులు పొదలతో పెంచిన చిక్కుదారి ఉంటుంది. నవల చివర బాయిలర్ పేలి హోటల్ తగలబడుతుంది, సినిమా చివర జాక్ మంచులో గడ్డకట్టి చస్తాడు. ఈ జాబితాను అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా అప్పజెప్పే స్కాలర్లు నా హాస్టల్‌లోనే నలుగురున్నారు.

ఆ జాబితాలో ఒక తేడా మాత్రం ఎప్పుడూ అట్టడుగున ఉంటుంది. చాలాసార్లు అసలు ఉండనే ఉండదు. ఆ హోటల్లో వంటవాడు డిక్ హాలోరన్, నల్లజాతి మనిషి. పిల్లవాడు ఆపదలో ఉన్నాడని తెలిసి ఫ్లోరిడా నుంచి మంచు తుఫానులో పడి వస్తాడు. నవలలో అతను బతుకుతాడు. తల్లినీ బిడ్డనూ బయటికి తీసుకొస్తాడు. సినిమాలో అంత దూరమూ వచ్చి, హోటల్లో అడుగుపెట్టిన కాసేపటికే గొడ్డలి వేటుకు కూలిపోతాడు. జాక్ ఇంట్లో ఇద్దరి మీదికి గొడ్డలి ఎత్తుతాడు, కానీ అతని చేతిలో నిజంగా చచ్చేది ఈ నల్లవాడొక్కడే. 1997లో కింగ్ తానే రాసిన టీవీ రూపంలో హాలోరన్ మళ్ళీ బతికే ఉంటాడు. 2019లో వచ్చిన 'డాక్టర్ స్లీప్' సినిమా కుబ్రిక్ దారిలో నడిచింది కాబట్టి అందులో హాలోరన్ ఆత్మగా మాత్రమే కనిపిస్తాడు. ఒక మనిషి చావు బతుకులు నలభై ఏళ్ళుగా ఒక వెర్షన్ నుంచి ఇంకో వెర్షన్‌కు మారుతుంటే, అభిమానుల చర్చ గది నంబరు దగ్గరే ఆగిపోయింది.

ఇంకో మార్పు కూడా ఉంది. ఆ హోటల్‌ను ఆదివాసుల శ్మశానం మీద కట్టారనీ, కట్టేటప్పుడు వాళ్ళ దాడులను తిప్పికొట్టాల్సి వచ్చిందనీ సినిమాలో మేనేజర్ మామూలుగా చెప్పి వెళ్ళిపోతాడు. ఇది నవలలో లేదు. కింగ్ తక్కువ తిన్నాడని కాదు. 1983లో వచ్చిన 'పెట్ సెమెటరీ'లో చచ్చినవాళ్ళను లేపే నేల మిక్‌మాక్ ఆదివాసుల శ్మశానమే. నేల ఎవరిదో వాళ్ళను తరిమేసి, చంపేసి, ఆ తర్వాత ఆ నేలలో దుష్టశక్తి ఉందని భయపడటం అమెరికన్ హారర్‌కు ఒక అలవాటు. దోచుకున్నవాడు బాధితుడిగా వణుకుతుంటాడు. దోపిడీకి గురైనవాడు దెయ్యమవుతాడు.

ఈ మాట నేను మా క్యాంపస్‌లో ఒక సినిమా చర్చలో అన్నాను. వెంటనే వచ్చిన జవాబు: "ఇక్కడ కూడా కులమేనా? భయానికి కులమేంటి బ్రో? దెయ్యం అందరినీ భయపెడుతుంది." అందరూ నవ్వారు. ఆ నవ్వుకు జవాబుగా ఈ వ్యాసం రాస్తున్నాను. అన్నవాళ్ళ మీద నాకు కోపం లేదు. కానీ ఆ మాట అబద్ధం. దెయ్యం అందరినీ భయపెడుతుందేమో గానీ, అందరినీ దెయ్యం అనరు.

మన తెలుగుకే వద్దాం. తెలుగులో హారర్ నవల అంటే ఎవరికైనా మొదట గుర్తొచ్చేది యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'. ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి, వారం వారం పాఠకులను పత్రిక కోసం ఎదురుచూసేలా చేసిన నవల. పసిపాప తులసి మీద చేతబడి ప్రయోగం, కాష్మోరా అనే క్షుద్రశక్తి, ఒక పక్క వైద్యం, మరో పక్క మంత్రం. కన్నడంలో 'తులసీదళ'గా 1985లో సినిమా అయింది. దాని కొనసాగింపు నవల 'తులసి' ఆధారంగా 1986లో తెలుగులో 'కాష్మోరా' వచ్చింది. నవల చదివి భయపడ్డంత సినిమా చూసి భయపడలేదనే మాట మా అమ్మ తరం నుంచి నా తరం దాకా వినిపిస్తూనే ఉంది. మన అభిమానుల చర్చా అక్కడే ఆగింది: ఎక్కువ భయపెట్టింది ఏది?

ఈ నవల మీద గట్టి విమర్శ రాలేదని కాదు. రంగనాయకమ్మ గారు 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని పుస్తకమే రాశారు. మూఢనమ్మకాన్ని సైన్సు ముసుగులో అమ్ముతున్నారన్న ఆ విమర్శ అవసరమైనదే, ఆ తెగువను నేను గౌరవిస్తాను. అయితే మన హేతువాద విమర్శ చాలావరకు ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది: చేతబడి ఉందా లేదా? లేదు అన్నది సరైన జవాబే. కానీ ఆ జవాబుతో పని పూర్తి కాదు. లేని చేతబడిని ఎవరికి అంటగడుతున్నారు అన్నది రెండో ప్రశ్న. అంబేద్కరైట్లుగా మనం అడగాల్సింది అది.

మన క్షుద్ర సాహిత్యంలో, దాని తర్వాత వచ్చిన సినిమాల్లో భయం ఎక్కడ మొదలవుతుందో చూడండి. శ్మశానం. ఊరి పొలిమేర. అడవి. కొండ మీద గూడెం. పాడుబడ్డ గుడిసె. ఈ చోట్లన్నీ ఎవరికి కేటాయించిన చోట్లు? కాటికాపరి పని ఏ కులానికి అప్పగించారు? ఊరి చివర, కొన్నిచోట్ల పొలిమేర అవతల, ఎవరి వాడ ఉంటుంది? చచ్చిన పశువును మోయమన్నది ఎవరిని? ఊరు ఎవరిని బయటికి నెట్టిందో వాళ్ళుండే దిక్కు నుంచే హారర్ రచయిత దెయ్యాన్ని తీసుకొస్తాడు. ఎల్లమ్మ, పోచమ్మ, మైసమ్మలను క్షుద్ర దేవతలనే పేరుతో పక్కన పెట్టిన ఆలోచనే ఇది. డప్పు మా ఇళ్ళలో పెళ్ళికీ చావుకీ మోగుతుంది. అదే డప్పు తెర మీద మోగితే బలి ఇవ్వబోతున్నారని అర్థం. అగ్రహారంలో చదివితే మంత్రం, గూడెంలో చదివితే క్షుద్రం. రెండూ అర్థంకాని మాటలే, రెండిటికీ ఫలితం ఉండదు. ఒకటి మాత్రం రక్షణ అయింది, రెండోది నేరమైంది.

"కథే కదా, ఎవరికి నష్టం?" అంటారు. నష్టం ఎవరికో ఈ దేశ చట్టానికి తెలుసు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో ఒక కొత్త నేరాన్ని చేర్చారు: మంత్రగత్తె అనో, చేతబడి చేస్తోందనో ఆరోపించి దళితులకు, ఆదివాసులకు శారీరక హాని గానీ మానసిక వేదన గానీ కలిగించడం. అంటరానితనం, దాడి, బహిష్కరణ లాంటి నేరాల పక్కన పార్లమెంటు దీన్ని కూడా పెట్టింది. అంటే చేతబడి ఆరోపణ కులహింసకు ఒక రూపమని రాజ్యమే ఒప్పుకుంది. బీహార్ 1999లోనే ఈ ఆరోపణల మీద ప్రత్యేక చట్టం చేసింది. తర్వాత జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, రాజస్థాన్, అస్సాం చేశాయి. మహారాష్ట్రలో చట్టం కోసం ఏళ్ళ తరబడి పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణేలో కాల్చి చంపాక గానీ ప్రభుత్వం ఆర్డినెన్సు తేలేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో మంత్రవిద్య కారణంగా జరిగిన హత్యలు 85. ఇవి హత్యగా నమోదైనవి మాత్రమే. ఊరి నుంచి వెళ్ళగొట్టిన ఆడవాళ్ళు, గుంజకు కట్టేసి కొట్టిన ముసలివాళ్ళు ఈ లెక్కలోకి రారు. తెలంగాణ పల్లెల్లో చేతబడి అనుమానంతో మనుషుల పళ్ళు ఊడగొట్టిన సంఘటనలు మన పత్రికలకు కొత్త కాదు. పళ్ళు లేకపోతే మంత్రం సరిగా పలకలేరట! ఈ తర్కం ఏ నవలా నేర్పలేదు, నిజమే. నవలకంటే ముందే ఊళ్ళో ఉంది. కానీ ఆ తర్కాన్ని అచ్చువేసి, తెర మీద రంగులద్ది, చివర్లో మంత్రగాడు నిజంగానే దుర్మార్గుడని తేల్చి, అతన్ని చంపినప్పుడు థియేటర్లో చప్పట్లు కొట్టించడం ఆ ఊరికి సాక్ష్యం ఇచ్చినట్టే.

ఇక విధేయత సంగతి. నవలకు సినిమా విధేయంగా ఉండాలని అభిమానులు పట్టుబడతారు. క్లైవ్ బార్కర్ 1985లో 'ది ఫర్‌బిడెన్' అనే కథ రాశాడు. ఇంగ్లండ్‌లో పేదల కాలనీలో జరిగే కథ. 1992లో బెర్నార్డ్ రోజ్ దాన్ని 'క్యాండీమ్యాన్'గా తీసినప్పుడు షికాగోలోని కాబ్రిని-గ్రీన్ అనే నల్లజాతి పేదల ఇళ్ళకు మార్చాడు. దెయ్యం ఇప్పుడు ఒక బానిస కొడుకు. తెల్ల అమ్మాయిని ప్రేమించినందుకు గుంపు అతన్ని చిత్రహింసలు పెట్టి చంపింది. మూలకథలో ఇవేవీ లేవు. అవిధేయత వల్లే ఆ సినిమా అమెరికా తన చరిత్రలో దాచుకున్నదాన్ని బయటపెట్టింది. అయినా అందులో కూడా కథ నడిపేది పరిశోధనకొచ్చిన తెల్ల మహిళే. 2021లో నియా డకోస్టా మళ్ళీ తీసినప్పుడు గానీ నల్లవాళ్ళు తమ దెయ్యం గురించి తామే మాట్లాడలేదు. పరిశోధకులైన నా మిత్రులకు ఇందులో పాఠం ఉంది. వాడలోకి నోట్‌బుక్కు పట్టుకుని వెళ్ళేవాళ్ళ కథ వేరు, వాడ కథ వేరు.

టోనీ మోరిసన్ 'బిలవ్డ్' 1987లో వచ్చింది, 1998లో సినిమా అయింది. బానిసత్వంలోకి తిరిగి పోనివ్వకూడదని తల్లి తన చేతులతో చంపుకున్న బిడ్డ ఆ ఇంటికి తిరిగొస్తుంది. ఇంతకంటే దెయ్యం కథ ఏముంది? కానీ హారర్ అభిమానుల జాబితాల్లో అది అరుదుగా ఉంటుంది. దాన్ని 'సీరియస్ సాహిత్యం' అరలో పెడతారు. చూడటానికి గౌరవంలా ఉంటుంది గానీ అది పక్కకు నెట్టడమే. అణగారినవాళ్ళు భయానికి కారణమైతే అది హారర్. వాళ్ళే భయపడితే అది సామాజిక సమస్య.

ఆ అర ప్రకారమే బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'ను కూడా మనం హారర్‌గా చదవలేదు. విదేశాల్లో చదువుకుని బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిన అంబేద్కర్‌కు ఇల్లు దొరకదు. రోజుకు రూపాయిన్నర ఇచ్చి, పార్సీ పేరు రాయించుకుని, ఒక పార్సీ సత్రంలో దిగుతాడు. పై అంతస్తులో ఆయన తప్ప ఎవరూ ఉండరు. విరిగిన కుర్చీలు, పాత చెక్కలు నిండిన పెద్ద హాలు, దీపం లేని చీకటి, ఎగిరే గబ్బిలాలు. హారర్ రచయిత కోరుకునే సరంజామా అంతా ఉంది. మనిషి తోడు కోసం ఎంత తపించాడో ఆయనే రాసుకున్నాడు. గబ్బిలాలు ఆయన్ని ఏమీ చేయలేదు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకుని డజను మంది మెట్లెక్కి వచ్చారు. సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. ఇద్దరు స్నేహితులను ఆశ్రయం అడిగితే ఇద్దరూ తప్పించుకున్నారు. నా దృష్టిలో ఈ దేశంలో హారర్ సాహిత్యాన్ని ఇక్కడి నుంచి చదవడం మొదలుపెట్టాలి. భయం చీకట్లో ఉండదు, మెట్లెక్కి వచ్చే మనుషుల్లో ఉంటుందని మనకు చెప్పిన పుస్తకం అది.

దక్షిణాది సినిమాలో ఈ తిరగేత మొదలైంది. 2024లో వచ్చిన మలయాళ చిత్రం 'భ్రమయుగం'లో పారిపోయి వచ్చిన పాణన్ కులపు గాయకుడు ఒక పాడుబడ్డ మనలో చిక్కుకుంటాడు. దెయ్యం కొంప వాడలో లేదు, పొట్టి ఇంట్లోనే ఉంది. అన్నం పెట్టి, పాచికలాట ఆడించి, మనిషి కాలాన్నే గెలుచుకుని బందీ చేసే ఆ ఇంటిని చూసినప్పుడు, వెట్టి తెలిసిన ఏ కుటుంబానికీ అది కల్పన అనిపించదు.

కాబట్టి హారర్ మానేయమని నేను చెప్పడం లేదు. నా పరిశోధనే తెలుగు పాపులర్ నవల మీద. ఈ పుస్తకాలను చదవడం నాకిష్టం. సాహిత్య శాఖల్లో ఇవి పాఠ్యాంశంగా పనికిరావని పక్కన పెట్టడాన్ని కూడా నేను ఒప్పుకోను. లక్షల మంది చదివిన పుస్తకం కులాన్ని ఎలా పంచిందో చూడకపోతే మనం చేసే సాహిత్య చరిత్ర సగమే. అడుగుతున్నదల్లా ఇంతే. నవలనూ సినిమానూ పక్కపక్కన పెట్టినప్పుడు మూడు తేడాలు కూడా లెక్కపెట్టండి. భయం ఏ నేల నుంచి వచ్చింది, ఆ నేల ఎవరిది? నిందను ఎవరి ఒంటి మీద వేశారు, తెర మీదికి వచ్చేసరికి ఆ ఒళ్ళు మారిందా? చివరికి బతికిందెవరు?

కథలో మంత్రగత్తెను తగలబెడుతుంటే మనం ఎవరి పక్కన నిలబడి చూస్తున్నామో ఒక్కసారి కిందికి చూసుకోవాలి. ఊళ్ళో ఆ ముసలమ్మను గుంజకు కట్టేసినప్పుడు కూడా చుట్టూ చాలామంది ఉంటారు. వాళ్ళలో ఎక్కువ మంది కొట్టరు. ఊరికే చూస్తారు.

జై భీమ్.