సోదాకు ముందు కారణము

మాడుగులపల్లి రైతొకడు తన భూమి దస్తావేజును బ్యాంకులో నుంచి అప్పు దెచ్చుకొనెననుకొందము. ఇల్లు దాటినంతమాత్రమున ఆ కాగితము ఎవరైనను విప్పి చూడదగినదగునా? 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్టాంపు చట్టపు 73వ సెక్షనును సవరించి, కలెక్టరు వ్రాతమూలముగ నంపిన యే వ్యక్తియైనను, పత్రములున్నవని నమ్మిన చోట బ్రవేశించి వానిని స్వాధీనపరచుకొనవచ్చుననెను. 2004లో కెనరా బ్యాంకు వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆ సవరణను చెల్లదనెను. ఆంతరంగికత మనుష్యునిది గాని స్థలమునది గాదని ఆ తీర్పు సారము.

పోలీసు సోదాకును ఇదియే ధర్మము. 1954లో ఎం.పి. శర్మ వ్యాజ్యమున ఎనమండుగురు న్యాయమూర్తులు, అమెరికా రాజ్యాంగమునందలి రక్షణ మన రాజ్యాంగమున లేదనిరి. 2017లో పుట్టస్వామి వ్యాజ్యమున తొమ్మండుగురు, ఆంతరంగికత 21వ అధికరణమునందలి హక్కేయని నిర్ణయించిరి. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత, దర్యాప్తు అధికారి వారంటు లేక సోదా చేయుటకు ముందు కారణమును వ్రాయవలెననుచున్నది. ఇద్దరు సాక్షులను, జాబితా ప్రతిని, సోదా చిత్రీకరణమును విధించుచున్నది.

అయినను, విధి తప్పి పట్టిన వస్తువు ఆ కారణముననే సాక్ష్యమునకు పనికిరాకపోదని 1973 నాటి పూరణ్‌మల్ తీర్పు. ఇక విధి తప్పినవారికి వచ్చు నష్టమేమి? నేరస్థుని వెదకవలదని మేమనము. కారణము వ్రాయక గృహమున జొచ్చిన యధికారిపై ప్రభుత్వము శిక్షాచర్య గైకొనవలెనని కోరుచున్నాము. గృహస్థులును సోదాకు అడ్డుపడక, సాక్షులను పిలిపింపుమని యడిగి, జాబితా ప్రతిని తప్పక పుచ్చుకొనవలెను.