శాశ్వతమా, సుదీర్ఘమా: ఇస్లాంలో నరక భావనపై ఆధునిక వ్యాఖ్యానాలు

ఇస్లాంలో నరకాన్ని సూచించే జహన్నం గురించి ఖురాన్ చెప్పే చోట్ల మండే అగ్ని, మరిగే నీరు, జఖ్ఖూమ్ చెట్టు పదేపదే కనిపిస్తాయి గానీ, ఆధునిక వ్యాఖ్యాతల మధ్య తెగని పేచీ ఆ మంటలు నిజమైనవా, ప్రతీకలా అన్నదానికన్నా వాటికి అంతముందా అన్నదాని మీదే నడిచింది. పాపం చేసిన విశ్వాసులు ఏనాటికైనా బయటపడతారని, సత్యతిరస్కారులు మాత్రం ఎన్నటికీ అక్కడే ఉంటారని సున్నీ పండితుల్లో అత్యధికుల సిద్ధాంతం. తెలుగులో జహన్నంకు వాడే ‘నరకం’ అన్న మాట ఇక్కడ కొంత చిక్కు తెస్తుంది. పురాణాల్లో యముడి శిక్ష తీరాక జీవుడు మళ్లీ పుడతాడు కనుక, శాశ్వతత్వపు బరువు ఆ మాటలో సగమే పలుకుతుంది.

కవి, తత్వవేత్త మహమ్మద్ ఇక్బాల్ మద్రాసు, హైదరాబాద్, అలీగఢ్‌లలో ఇచ్చి 1930లో పుస్తకంగా వెలువరించిన ఉపన్యాసాల్లో, స్వర్గనరకాలు స్థలాలు కావనీ మనిషి అంతస్స్థితులనీ వాదించారు. 104వ సూరా, అంటే అధ్యాయం, ఆ అగ్నిని గుండెల మీదికి ఎగబాకేదిగా చెప్పడం ఆయనకు ఆధారం. మనిషిగా విఫలమయ్యానన్న ఎరుక పెట్టే బాధే ఆ మంట అన్నది ఆయన అన్వయం. శాశ్వత నివాసమని అర్థం చెప్పే ‘ఖులూద్’ను, 78వ సూరాలో యుగాలను సూచించే ‘అహ్‌ఖాబ్’తో కలిపి చదివి, అది గట్టిపడిన అహాన్ని దైవకృపకు తిరిగి మెత్తబరిచే కాలావధి మాత్రమేనని తేల్చారు. అంతకుముందే, 1911లో, రష్యా సామ్రాజ్యంలోని తాతార్ పండితుడు మూసా జారుల్లా బిగియెవ్ దైవకరుణ మానవులందరికీ అందుతుందని పుస్తకం రాయగా, ఉస్మానియా సామ్రాజ్య పండితుడు ముస్తఫా సబ్రీ దాన్ని తీవ్రంగా ఖండించారు.

ఇదంతా పాశ్చాత్య ప్రభావమని కొట్టిపారేయడం తేలికే గానీ, నరకానికి అంతముందన్న వాదం మూలాలు 14వ శతాబ్దపు డమాస్కస్‌లో, అదీ నేటి సంప్రదాయవాదులు నెత్తిన పెట్టుకునే ఇబ్న్ తైమియా, ఆయన శిష్యుడు ఇబ్న్ ఖయ్యిమ్‌ల రచనల్లో ఉన్నాయి. కైరోలో రషీద్ రిజా ‘మనార్’ అన్న తన ఖురాన్ వ్యాఖ్యానంలో ఇబ్న్ ఖయ్యిమ్ వాదనను దీర్ఘంగా ఉటంకించారు. ఆ వాదనకు ఆధారమైన 11వ సూరాలోని 107, 108 ఆయతులు, అంటే వాక్యాలు, నరకానికీ స్వర్గానికీ ఒకే మినహాయింపు పెడతాయి, ప్రభువు మరోలా సంకల్పిస్తే తప్ప అని. కానీ స్వర్గానికి మాత్రమే అది తెగని వరమన్న హామీ తోడవుతుంది. దీనికి ఎదురుగా, నరకవాసం గురించి ‘అబదా’, అంటే ఎప్పటికీ, అన్న మాట మూడు చోట్ల ఉంది. ఇక్బాల్ దీనికి సమాధానం చెప్పలేదు, అది ఆయన వాదంలో లోటే. ఇబ్న్ ఖయ్యిమ్ చెప్పారు: నరకం ఉన్నంతకాలం అందులోంచి వారు బయటపడరు, అయితే నరకమే నశించవచ్చు. అంతవరకు వచ్చిన ఆయన కూడా చివరికి ఆ 107వ ఆయతు ముగిసే చోటే, ప్రభువు తాను కోరింది చేస్తాడన్న మాట దగ్గరే, ఆగిపోయారు.