వేగము – ఔచిత్యము

ఒకే పేరు గల రెండు కార్లు అంగడిలో ప్రక్కప్రక్కన నిలిచియుండును. రెండింటికిని రెండేసి తలుపులు, ఒకే తీరు వాలుకప్పు, ఒకే ముఖము. ఒకటి సాధారణమైన స్పోర్ట్స్ కూపే. రెండవది అదే కారునకు ఇంజను శక్తిని పెంచి, స్ప్రింగులను బిగించి, వెలను మిక్కిలిగా హెచ్చించిన రూపము. కొనవచ్చినవాడు రెండింటి నడుమ నిలిచి, చేతిలోని సొమ్మును లెక్కించుకొని, "పెద్దది అందునా, అందదా?" అని తర్కించుకొనును. అందినచో పెద్దదానిని కొనును. అందనిచో చిన్నదానితో సరిపెట్టుకొని, దానిని నడుపునంత కాలము మనసులో ఏదియో వెలితిని మోయుచుండును.

అసలు లోపము ఆ ప్రశ్నలోనే యున్నది. అధికశక్తి గల కారు సాధారణమైన కారునకు మరికొంత చేర్చగా ఏర్పడినది కాదు. కొన్నింటిని చేర్చి, కొన్నింటిని తీసివేయగా ఏర్పడిన వేరొక వస్తువది. ఏమి చేరినదో అమ్మువాడు తడవకొకసారి చెప్పును. ఏమి పోయినదో కొనువాడే తెలిసికొనవలెను. ఈ రెండవ లెక్క చూడకుండ చేసిన ఎంపిక ఎంపికయే కాదు.

ఇందులకు చక్కని నిదర్శనము అమెరికా దేశపు మోటారు చరిత్రలో కలదు. ఫోర్డు కంపెనీవారు 1964 ఏప్రిల్ 17వ తేదీన న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనమున 'మస్టాంగ్' అను కారును లోకమునకు చూపిరి. దాని ప్రారంభపు వెల 2,368 డాలర్లు. చూపునకు పందెపు గుఱ్ఱమువలె నుండినను, లోపల అది చాలవరకు 'ఫాల్కన్' అను సంసారపక్షపు కారు భాగములతో కూర్చినదే. తొలి రోజులలో అన్నిటికంటె చిన్న ఇంజను శక్తి 101 అశ్వశక్తులు. నలుగురు కూర్చుండవచ్చును. సామానునకు కొంత చోటు కలదు. మొదటి పండ్రెండు నెలలలోనే నాలుగు లక్షలకు పైగా అమ్ముడుపోయెను. అంతవరకు స్పోర్ట్స్ కారు ధనికుల విలాసమని భావించిన సామాన్యోద్యోగులు సైతము దానిని కొనగలిగిరి. ఒక వస్తువు తన ప్రయోజనమును సంపూర్ణముగా నెరవేర్చినదనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

అయినను పందెగాండ్రు దానిని గౌరవింపలేదు. రూపమున్నది కాని శౌర్యము లేదని పెదవి విరిచిరి. ఆ నిందను పోగొట్టుటకై ఫోర్డువారు కారల్ షెల్బీని ఆశ్రయించిరి. 1923లో టెక్సాసు రాష్ట్రమున జన్మించిన షెల్బీ ఒకప్పుడు కోళ్లు పెంచి జీవించినవాడు. 1959లో ఫ్రాన్సులోని ల మాన్ నగరమున ఇరువదినాలుగు గంటల పందెమును రాయ్ సాల్వడోరితో కలిసి గెలిచినవాడు. హృద్రోగము వలన పందెములు మాని, కార్లను నిర్మించు పనిలో దిగెను. అతనికి కావలసిన అర్హత మస్టాంగ్‌కు లేదు. స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా నియమముల ననుసరించి ఆ తరగతి పందెమునకు రెండు సీట్ల కారు కావలెను. మస్టాంగ్‌కు నాలుగున్నవి. షెల్బీ చేసిన పని సులభము: వెనుక సీటును పెరికివేసి, ఆ చోట ఫైబర్‌గ్లాసు పలకను పరచి, దానిపై స్పేరు చక్రమును బిగించెను.

ఆ విధముగా 1965లో వెలువడిన కారే 'జి.టి. 350'. దానికి చేరినవి చాల కలవు. ఫోర్డువారి 271 అశ్వశక్తుల ఇంజనునకు పెద్ద కార్బ్యురేటరును, పొగ ధారాళముగా పోవు గొట్టములను అమర్చగా శక్తి 306కు పెరిగెను. ముందు చక్రములకు డిస్కు బ్రేకులు, నాలుగింటికిని మేలైన షాక్ అబ్సార్బర్లు వచ్చెను. ఇక పోయినవానిని చూడవలెను. వెనుక సీటు పోయెను. మెత్తదనము పోయెను. పొగగొట్టములు కారు తుదివరకు సాగక, వెనుక చక్రములకు ముందే ప్రక్కగా తెరచుకొనుటచే నిశ్శబ్దము పోయెను. ఆటోమాటిక్ గేరు సౌకర్యము లేదు. వెల సుమారు 4,500 డాలర్లు. అనగా సాధారణ మస్టాంగ్ ప్రారంభపు వెలకు దాదాపు రెట్టింపు.

అందులోని ఒక యంత్రభాగమును విద్యార్థులు ప్రత్యేకించి గమనింపదగును. కారు మలుపు తిరుగునప్పుడు వెలుపలి చక్రము లోపలి చక్రముకంటె ఎక్కువ దూరము పోవలసియుండును. సాధారణ కారులో డిఫరెన్షియల్ అను గేర్ల అమరిక ఈ తేడాను సద్దు లేకుండ సర్దును. కాని ఒక చక్రము పట్టుదప్పి జారినచో, ఇంజను శక్తి ఆ జారు చక్రమును తిప్పుటయందే వ్యర్థమగును. పందెములో ఇది ఓటమికి దారి. అందుచే షెల్బీ రెండు చక్రములను కలిపి పట్టు 'లాకర్' అను సాధనమును పెట్టించెను. పందెపు బాటపై అది దివ్యముగా పనిచేసెను. ఊరి వీధిలో మలుపు తిరుగునప్పుడు మాత్రము పట్టు విడిచి మరల పట్టుచు టకటకమని మ్రోగి, కారేదో విరిగినదని కొత్తవారిని భయపెట్టెను. ఒక చోట గుణమైనది మరియొక చోట దోషమగుట యనగా నిదియే.

1965లో ఆ కారు తన తరగతిలో జాతీయ విజేతయయ్యెను. దాని నిర్మాత చెప్పినదంతయు నిజమని రుజువైనది. కథ ఇక్కడితో ముగిసినచో అది విజయగాథ మాత్రమే. కాని తరువాతి సంవత్సరమే అసలు పాఠము బయటపడెను. రెట్టింపు సొమ్ము చెల్లించి ఆ కారును కొన్నవారు ఫిర్యాదులు మొదలిడిరి. మ్రోత భరింపరానిదనిరి. కుదుపులకు నడుములు నొచ్చుచున్నవనిరి. పిల్లలను కూర్చుండబెట్టుటకు చోటు లేదనిరి. 1966 నమూనాలో వెనుక సీటు కోరినవారికి లభించెను. ఆటోమాటిక్ గేరు వచ్చెను. పొగగొట్టములు సాధారణ రీతిని వెనుకకు సాగెను. ఆ లాకర్ అడిగినవారికే ఇచ్చు వస్తువయ్యెను. 1967 నాటికి పవర్ స్టీరింగు, ఎయిర్ కండిషనింగు సైతము దొరకెను. 1965లో తయారైన కార్లు 562 మాత్రమే. కారు మెత్తబడిన 1966లో ఆ సంఖ్య రెండువేల మూడువందలు దాటెను. అందులో సుమారు వేయి కార్లను హెర్ట్జ్ అను అద్దెకార్ల సంస్థయే కొనినది.

ఈ సంఖ్యలను తిరస్కారముతో చూడరాదు. షెల్బీ వ్యాపారి; కొనువారి కోరికను మన్నించుట అతని ధర్మము. ఆలోచింపవలసినది కొన్నవారిని గూర్చియే. వారు కోరినది పందెపు కారును కాదు, పందెపు కారు గలదన్న పేరును. తీసివేసిన సీటును మరల పెట్టుమని, తెరచిన గొట్టమును మరల మూయుమని అడుగుట యనగా, సాధారణ కారునకే తిరిగి పోవుచు, దానిపై గొప్ప కారు పేరు మాత్రము ఉండవలెనని కోరుటయే. అట్టివారికి సాధారణ మస్టాంగ్ సరిపడును. వారా సంగతిని అంగడిలో ఒప్పుకొనజాలక, ఇంటికి పోయిన తరువాత ఒప్పుకొనిరి. ఆ ఆలస్యమునకు చెల్లించిన వెల రెండువేల డాలర్లు.

దీనికి ఎదురుగా చెప్పదగిన వాదములు లేకపోలేదు. మొదటిది, అధికశక్తి ఆపదలో ఆదుకొనునని. ఎదుటి లారీని త్వరగా దాటవచ్చునన్నది నిజమే. కాని ఆపద వచ్చినప్పుడు ముఖ్యముగా కావలసినది ఆగుట. గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవు కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు కదలును. నడుపువాడు అపాయమును గుర్తించి బ్రేకు త్రొక్కుటకు ఒక సెకను పట్టినదనుకొందము. మంచి పొడి బాటపై సెకనుకు సెకనుకు 8 మీటర్ల వంతున వేగము తగ్గినదనుకొందము. కారు నిలుచునప్పటికి సుమారు 76 మీటర్లు గడచును. అదే 200 కిలోమీటర్ల వేగమైనచో దాదాపు 250 మీటర్లు పోవును. వేగము రెట్టింపయినప్పుడు గతిశక్తి నాలుగు రెట్లగునని ఉన్నత పాఠశాలలో బోధించు సూత్రమే యిది. ఎన్ని అశ్వశక్తులైనను ఈ సూత్రమును మార్చజాలవు. మేలైన బ్రేకులు, మేలైన టైర్లు మాత్రము నిజమైన లాభమే. కాని అవి కావలసినవారు వానిని సాధారణ కారునకే కొంత సొమ్ముతో అమర్చుకొనవచ్చును.

రెండవ వాదము, అరుదైన కారునకు కాలక్రమమున వెల పెరుగునని. ఇదియు సత్యమే. తొలి జి.టి. 350 పందెపు కార్లలో నొకటి 2020లో 38 లక్షల డాలర్లకు పైగా వేలమున పలికినది. కాని ఆ వెల దాని వేగమునకు కాదు. అది సాధించిన చరిత్రకు, మిగిలియున్న సంఖ్య స్వల్పమగుటకు. రేపటి వేలముకొరకు నేడు కారును గుడ్డ కప్పి దాచువాడు కారును కొనుటలేదు, పత్రములు కొనుచున్నాడు. వాని లెక్క వేరు.

మూడవ వాదమునకు మాత్రము తల వంచవలెను. వేగమునందు ఆనందము కలదు. ఆనందమునకు లెక్కలు కట్టరాదు. సెలవునాడు పందెపు బాటకు పోయి, ఆ మ్రోతను, ఆ కుదుపును, ఆ వేడిని సంతోషముతో భరించి, యంత్రముతో తన నేర్పును పరీక్షించుకొనువాడు కలడు. వానికి 1965 నాటి కారే తగినది. 1966 నాటిది వానికి అవమానము. 2015లో ఫోర్డువారు అదే పేరును పునరుద్ధరించి, 526 అశ్వశక్తులతో, ఆటోమాటిక్ గేరు లేకుండ, ఆ కారును విడుదల చేసిరి. అందులో మరింత కఠినమైన 'ఆర్' రకమునకు వెనుక సీటును మరల తీసివేసిరి. 2020 వరకు అవి తయారైనవి. అర్ధశతాబ్దము గడచినను చేరునది, పోవునది అను లెక్క మారలేదు. అది తెలిసి కొన్నవానిని ఆక్షేపించు హక్కు ఎవరికిని లేదు.

కావున పెద్దది మంచిదా, చిన్నది మంచిదా అని అడుగుట వ్యర్థము. పదకొండవ శతాబ్దమున కాశ్మీరమునందు క్షేమేంద్రుడు కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని ప్రత్యేకముగా నొక గ్రంథమునే రచించెను. అలంకారము తనంతట మంచిదియు కాదు, చెడ్డదియు కాదు. తగిన చోట నున్నదా లేదా యనునదే విచారణ. అశ్వశక్తియు నట్టిదే. ప్రతిదినము నగరమున కార్యాలయమునకు, ఆదివారము అంగడికి పోవు కారునందలి మితిమీరిన శక్తి, సందర్భము లేని సమాసమువలె బరువే కాని సొగసు కాదు.

షెల్బీ జన్మించిన టెక్సాసు రాష్ట్రమున నేడు వేలకొలది తెలుగు కుటుంబములు నివసించుచున్నవి. తొలి జీతము చేతికి రాగానే ఈ రెండు కార్ల నడుమ నిలుచు యువకులు అక్కడ లేకపోరు. కాని ఈ ఎంపిక అమెరికాకే పరిమితము కాదు. ఇక్కడి కళాశాల విద్యార్థి మోటారు సైకిళ్ల అంగడిలో నిలిచినప్పుడును ఇదే ప్రశ్న ఎదురగుచున్నది. సాధారణమైన బండి తండ్రి సంపాదనకు అందుచున్నది. కాలేజీకి, పొలమునకు, సంతకు చాలుచున్నది. అయినను దానిపై కూర్చుండుట నామోషీయని తోటివారు నేర్పుచున్నారు. అప్పు చేసి కొన్న శక్తిని వాడి చూపుటకు వానికి దొరకునది పందెపు బాట కాదు. పశువులు, పిల్లలు, ఎడ్లబండ్లు నడచు ఊరి రోడ్డు. అక్కడ చెల్లింపవలసి వచ్చు వెల డాలర్లలోను, రూపాయలలోను తేలునది కాదు.

ఉపాధ్యాయులు ఈ విషయమున యువకులను భయపెట్టి ప్రయోజనము లేదు. వేగము చెడ్డదని చెప్పినచో వారు నమ్మరు. అది నిజమును కాదు. వారికి నేర్పదగినది లెక్క చూచు అలవాటు: దీనిలో ఏమి చేరినది, ఏమి పోయినది, పోయినది లేకుండ ప్రతిదినము గడుపగలనా, చేరినదానిని వాడుటకు తగిన చోటు నాకు కలదా? ఈ ప్రశ్నలకు నిజాయితీగా సమాధానము చెప్పుకొని పెద్దదానిని కొన్నవాడు దాని కుదుపును నిందింపడు. చిన్నదానిని కొన్నవాడు ప్రక్కన దూసుకొనిపోవు బండిని చూచి చిన్నబుచ్చుకొనడు.