బిల్లు లేని బ్యాటరీ

మన ఎమ్మిగనూరు పిల్లోడొకడు, వాళ్ల నాయన బీడీ మానాలని బెంగళూరు నుంచి వేపింగ్ మిషను తెచ్చినాడు. "మామా, ట్యాంకు పెద్దది వేద్దామా, బ్యాటరీ మార్చేద్దామా?" అని నన్నడిగినాడు.

దీన్ని కర్ణాటకలో 2016లోనే నిషేధించినారు, 2019లో దేశమంతటికీ చట్టం వచ్చింది. అమ్మితే మొదటిసారికి ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అందుకే దొంగచాటుగా వస్తుంది. ద్రవంలో నికోటిన్ ఎంతుందో సీసా మీద రాసిందే నమ్మాల. కాయిల్‌కు సరిపడని బ్యాటరీ వేస్తే వేడెక్కుతుంది, నాసిరకం లిథియమైతే జేబులోనే మండొచ్చు. అప్పుడు ఎవర్నడుగుతావు? పార్సెల్ కౌంటర్లో రసీదులు రాసి రిటైరైనోణ్ణి, రసీదు లేని సరుకులో ఏది మేలని ఎట్లా చెప్పేది?

బీడీ మాత్రం ప్రతి అంగట్లో దొరుకుతుంది గదా అంటే, దానికి నా దగ్గరా జవాబు లేదు.

కానీ నికోటిన్ చూయింగ్ గమ్ మందుల షాపులో బిల్లుతోనే దొరుకుతుంది. 1800-11-2356కు ఫోన్ చేస్తే మానడానికి ఉచితంగా సలహా చెప్తారు. ఆదివారం నాయనను పిల్చుకొని రమ్మన్నా, నా ఫోన్ నుంచే చేస్తాం.