దొరల వేషం మారిన ప్రతిసారీ

నేడు జాతీయ చేనేత దినోత్సవం. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాల్లో విదేశీ వస్తు బహిష్కరణకు పిలుపునిచ్చిన సభకు గుర్తుగా 2015 నుంచి ఏటా ఈ రోజును జరుపుకుంటున్నాం. తెలుగు జిల్లాల్లో నేతన్నలకు శాలువాలు కప్పుతారు, ప్రదర్శనలు పెడతారు. సూరత్‌కు దక్షిణాన, నవ్‌సారి దారిలో ఉన్న సచిన్‌లో మాత్రం ఇదీ మామూలు పనిదినమే. అక్కడి గుజరాత్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ (జీఐడీసీ) పారిశ్రామికవాడలో లూములు ఆగవు, అద్దకం మిల్లుల బాయిలర్లు చల్లారవు. సూరత్ చుట్టుపక్కల ఈ బట్టల పని చేసేవారిలో సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి తరాల కిందట వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలూ ఉన్నాయి. లింబాయత్, ఉధ్‌నా వాడల్లో వాళ్లు స్థిరపడ్డారు. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోందంటే మనవాళ్లు ఏ సంఖ్యలో ఉన్నారో ఊహించుకోవచ్చు.

ఈ రోజున బ్రిటన్ ఉన్నత వర్గాల వేషధారణ గురించి మాట్లాడటానికి కారణం ఉంది. ఆ వర్గం కట్టిందే గౌరవమైన బట్ట అని లోకంలో చాలా భాగం నమ్మిన కాలం ఒకటి నడిచింది. అక్కడి అభిరుచి ఒకసారి మారితే ఇక్కడ ఊళ్లకు ఊళ్లు మగ్గాల చప్పుడుతో మోగాయి. మరోసారి మారితే ఆ మగ్గాలే అటకెక్కాయి. ఫ్యాషన్ అనేది తీరికగలవాళ్ల సరదా అని చదువరులు అనుకోవచ్చు. నేతపనివాడికి అది పూటకూడు వ్యవహారం.

కథ మొదలైంది సూరత్‌లోనే. 1608లో విలియం హాకిన్స్ ఓడ సూరత్ రేవు చేరింది. 1611లో ఈస్టిండియా కంపెనీ మనుషులు మచిలీపట్నంలో దిగారు. 1615లో ఇంగ్లండ్ రాజు రాయబారిగా సూరత్‌లో కాలుపెట్టిన సర్ థామస్ రో, జహంగీర్ కొలువులో ఉన్నన్నాళ్లూ ఇంగ్లిష్ వేషమే వేశాడు. తన పరివారం చేత కూడా ఎర్రని టాఫెటా అంగీలు వేయించాడు. దుస్తులే తమ రాజు ప్రతిష్ఠ అని అతని నమ్మకం. కంపెనీ వాళ్లు అమ్మజూపిన దళసరి ఉన్నిబట్ట ఈ ఎండల దేశంలో పెద్దగా అమ్ముడుపోలేదు. వెండి పోసి మన నూలుబట్ట కొనుక్కుపోవడమే వారికి గతి అయింది. అలా తీసుకెళ్లిన సరుకు అర్ధ శతాబ్దం తిరిగేసరికి లండన్ పెద్దల వేషాన్నే మార్చేసింది. 1666లో లండన్ దినచర్య రచయిత శామ్యూల్ పీప్స్ తన చిత్రపటం గీయించుకోవడానికి భారతీయ నిలువుటంగీ ఒకదాన్ని అద్దెకు తెచ్చుకున్నాడు. పటంలో ఆ అంగీలోనే కనిపించాలని ఆయన కోరిక.

అన్నిటికంటే మోజు తెచ్చింది కృష్ణాతీరపు అద్దకం. బట్టను గేదెపాలలో, కరక్కాయ రసంలో నానబెట్టి ఆరబెట్టేవారు. ఇనుప ముక్కలను బెల్లపునీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టిన ద్రావణంతో నల్లగీతలు గీసేవారు. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు పూసి, చిరివేరుతో కాచేవారు. నీలిమందు తగలకూడని చోటల్లా మైనం పట్టించేవారు. ఒక్కో రంగుకు ఒక్కో ఉతుకు, ఒక్కో ఎండ. ఇన్ని చేతులు మారిన తర్వాత ఆ బట్ట ఎన్ని ఉతుకులకైనా రంగు వదిలేది కాదు. ఉతికితే చెడిపోయే పట్టు, చలికి తప్ప పనికిరాని ఉన్నికి అలవాటుపడిన ఇంగ్లండ్ దొరసానులకు ఇది అబ్బురమైంది. రెండో మేరీ రాణి అంతఃపురంలో దీనికి చోటు దొరికాక ఇక అడ్డే లేకపోయింది. నేలమీదా మంచాలమీదా పరిచిన గుడ్డ ఇప్పుడు గొప్పింటి ఆడవాళ్ల ఒంటిమీదికి ఎక్కిందని 1708లో రచయిత డేనియల్ డెఫో వాపోయాడు.

ఆ మోజుకు శిక్ష కూడా వచ్చింది. స్థానిక ఉన్ని, పట్టు నేతగాళ్ల ఒత్తిడితో 1701 నుంచి అద్దకపు నూలుబట్టల దిగుమతిని పార్లమెంటు నిషేధించింది. 1719లో లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ వాడ నేతగాళ్లు వీధుల్లో ఆ బట్ట కట్టిన ఆడవాళ్ల మీద పడి దుస్తులు చించారు. 1721 నాటి మరో చట్టం ఆ బట్ట కట్టుకోవడాన్నే నేరం చేసింది. అయినా మోజు చావలేదు. ప్రఖ్యాత నటుడు డేవిడ్ గారిక్ ఇంటి పందిరిమంచానికని 1770లలో మన దేశం నుంచి కానుకగా వెళ్లిన అద్దకపు తెరలను సుంకాధికారులు పట్టుకున్నారు. వాటిని విడిపించుకోవడానికి ఆయన నానా తంటాలు పడ్డాడు. ఆ మంచం ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. మంచం చేయించినవాడి పేరు, దాన్ని చేసిన చిప్పెండేల్ పేరు లోకానికి తెలుసు. తెరలు అద్దినవారి పేరు ఏ కాగితంలోనూ లేదు.

ఒక విషయం ఇక్కడ న్యాయంగా చెప్పుకోవాలి. స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాడు మన నేతగాడికి శత్రువు కాడు. ఇద్దరి పొట్టకూడూ మరెవరి అభిరుచి మీదో ఆధారపడి ఉంది. కొనేవారు ఆ వ్యవహారంలో ఏమీ కోల్పోలేదు. కోల్పోయింది నేసినవారే.

తర్వాతి మలుపు ఇంతకంటే లోతైనది. పద్దెనిమిదో శతాబ్దం చివర ఇంగ్లిష్ మగవాళ్లు జరీ, రంగులు, పొడి చల్లిన విగ్గులు వదిలేశారు. ఆ మార్పుకు ముఖంగా నిలిచినవాడు బ్యూ బ్రమ్మెల్. అతనికి బిరుదులు లేవు, జమీందారీ లేదు. ముదురు నీలం కోటు, ఒంటికి అతికినట్టు కుట్టిన లేతరంగు ప్యాంటు, గంజిపెట్టి ముడివేసిన తెల్లని మెడగుడ్డ, శుభ్రంగా కడిగిన ఒళ్లు: ఇంతే అతని అలంకారం. యువరాజు సైతం అతని అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాడని చెప్పుకునేవారు. అప్పుల పాలై 1816లో ఫ్రాన్సుకు పారిపోయాడు. అతను నాటిన శైలి మాత్రం నిలిచింది. అప్పటినుంచి దొరతనం బట్ట ఖరీదులో కనిపించడం మానేసి కత్తిరింపులో, కుట్టుపనిలో, మడత నలగని తెల్లదనంలో కనిపించసాగింది. లండన్‌లోని సావిల్ రో వీధి దర్జీల కీర్తి అక్కడినుంచే పెరిగింది.

చూడటానికి ఇది నిరాడంబరత. కానీ అదే సమయంలో ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మరలు తిరగడం మొదలైంది. ఇంగ్లండ్‌లో నేసిన నూలుబట్ట మీద నిషేధాన్ని 1774లోనే ఎత్తేశారు. దొరసానులు మెచ్చిన పల్చని మస్లిన్‌కు నకలు మాంచెస్టర్ మరల సాయంతో చౌకగా దిగింది. ఆ తర్వాత అదే బట్ట మన రేవులకే దిగుమతి అయింది. మచిలీపట్నం ఎగుమతి వెలవెలబోయింది. ముతక పంచెలు, అంచుచీరలు, చీరాల నుంచి పడమటి ఆఫ్రికా దాకా వెళ్లిన రుమాళ్లు మన మగ్గాలను ఎలాగో నిలబెట్టాయి. నిలదొక్కుకోలేనివారు షోలాపూర్, బొంబాయి, భివండీ, చివరికి సూరత్ దారి పట్టారు. సచిన్ చుట్టుపక్కల నేడు లూము ముందు నిలబడిన తెలుగు మనిషి ఆ సుదీర్ఘ ప్రయాణానికి వారసుడు.

దొరతనం బట్టలతో ఆగలేదు. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరికి వందనంగా ఎన్ని తోపులు పేల్చాలి అనేదాకా పోయింది. సచిన్ అందుకు చిన్న ఉదాహరణ. కొంకణ తీరపు జంజీరాను వదులుకున్న ఆఫ్రికా సంతతి సిద్దీ నవాబు 1791లో ఇక్కడ రాజ్యం స్థాపించాడు. 1948లో బొంబాయి రాష్ట్రంలో కలిసేదాకా అది నిలిచింది. బ్రిటిష్ లెక్కలో ఆ నవాబుది తొమ్మిది తోపుల హోదా. లండన్‌లో రాణి ముందు తొలిసారి నిలబడే అమ్మాయి తలలో నిప్పుకోడి ఈకలు పెట్టుకోవాలని నియమం ఉన్నట్టే, ఇక్కడ రాజులకూ తూచిన మర్యాదలుండేవి. మెట్రిక్ చదివిన మనవాళ్లూ ఆ తూకానికి తలొగ్గారు. విజయవాడ ఎండలో నేటికీ మన న్యాయవాదులు నల్లకోటు, మెడలో తెల్లపట్టీలు వేసుకుని వాదిస్తున్నారంటే ఆ బరువు ఇంకా దిగలేదనే అర్థం.

ఆ తూకాన్ని ధైర్యంగా పక్కకు నెట్టిన మనిషి గాంధీజీ. 1930 ఏప్రిల్లో ఆయన దండి నడక సూరత్ నుంచి నవ్‌సారి వైపు ఈ ప్రాంతం మీదుగానే సాగింది. మరుసటి ఏడాది నవంబరులో కొల్లాయి గుడ్డ, శాలువాతోనే బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో అయిదో జార్జి తేనీటి విందుకు వెళ్లారు. అంతకు కొన్ని వారాల ముందు లాంకషైర్‌లోని డార్వెన్ వెళ్లి, ఖద్దరు ఉద్యమం వల్ల పని తగ్గిన మిల్లు కార్మికులను కలిశారు. వాళ్లు ఆయన్ను ఆప్యాయంగా చుట్టుముట్టారు. రాజు ముందు వేషం మార్చని మనిషి, పని పోయినవారి ముందుకు వెళ్లి సంజాయిషీ చెప్పడం బాధ్యత అనుకున్నారు. చేనేత దినోత్సవానికి అంతకంటే గొప్ప పాఠం లేదు.

ఇరవయ్యో శతాబ్దం ఆ కులీన వర్గాన్నీ నేలకు దించింది. 1941 నుంచి 1949 దాకా బ్రిటన్‌లో బట్టలకు రేషన్. 1947లో యువరాణి ఎలిజబెత్ పెళ్లి దుస్తులకు కూడా కూపన్లు లెక్కపెట్టాల్సి వచ్చింది. 1958లో రాజదర్బారులో అమ్మాయిలను ప్రవేశపెట్టే ఆచారం ఆగిపోయింది. 1960లలో డిజైనర్ మేరీ క్వాంట్ కురచ గౌనులు వీధి నుంచి మేడలకు ఎక్కాయి. అంతవరకు పైనుంచి కిందికి దిగిన ఫ్యాషన్ అప్పటినుంచి కిందినుంచి పైకి పాకింది. 1980ల నాటికి లండన్ గొప్పింటి యువత పల్లెటూరి మైనపు జాకెట్లు, పాతబడ్డ స్వెటర్లు వేసుకుని తిరగడాన్నే హోదాగా భావించింది. మూడో చార్లెస్ రాజు అతుకులేసిన కోట్లు, బూట్లు వాడటం అందరికీ తెలిసినదే. బట్టను చివరిదాకా వాడటం మంచి అలవాటు, మనం కూడా నేర్చుకోదగ్గది. అయినా ఒక తేడా మరువరాదు. మోచేతి దగ్గర అతుకు రాజుకు నిరాడంబరత అని పేరు తెస్తుంది. అదే అతుకుతో సచిన్ కార్మికుడు అప్పుకోసం బ్యాంకు మెట్లెక్కితే ఎవరూ కుర్చీ చూపించరు. వేషం ఎన్నిసార్లు మారినా, వేషం చూసి మనిషిని కొలిచే తక్కెడ మాత్రం మారలేదు.

ఇప్పుడు ఫ్యాషన్‌కు రాణీ అక్కర్లేదు, రాజదర్బారూ అక్కర్లేదు. ఫోనులో నచ్చిన డిజైను వారం తిరగకుండా గుమ్మంలో దిగుతోంది. ఆ తొందరను మోసేది సూరత్ పాలిస్టర్ మగ్గాలు, అద్దకం మిల్లులు. పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి, చెవులు దిబ్బడ వేసే చప్పుడు. 2022 జనవరి 6 తెల్లవారుజామున సచిన్ జీఐడీసీలో ఒక ట్యాంకరు నుంచి అక్రమంగా కాలువలోకి వదిలిన రసాయన వ్యర్థాల విషవాయువుకు ఆరుగురు కార్మికులు బలయ్యారు. మన ఒంటిమీది చౌకబట్ట ధరలో ఆ ప్రాణాల లెక్క ఎక్కడా కనిపించదు. దేశంలో 35 లక్షలకు పైగా చేనేత కార్మికులున్నారని 2019-20 గణన తేల్చింది. వారి పక్కనే, మగ్గం వదిలి సాంచెల (మరమగ్గాల) దగ్గర చేరిన వారినీ నేతకారులుగానే గుర్తించాలి. చేయి మగ్గం మీద ఉన్నా మీట మీద ఉన్నా, బట్ట పుట్టేది మనిషి శ్రమలోంచే.

అందుకే ఈ రోజున శాలువాలు కప్పడంతో సరిపెట్టుకోకూడదు. ప్రభుత్వాలు సచిన్ లాంటి వాడల్లో వాయువు కొలిచే పరికరాలు, అగ్నిమాపక తనిఖీలు, కనీస వేతనం కాగితాలకు పరిమితం కాకుండా చూడాలి. వలస కుటుంబాల రేషన్, బీమా రాష్ట్రం దాటినా చెల్లేలా చేయాలి. రెండు తెలుగు రాష్ట్రాలు సూరత్‌లోని తమవారి కోసం గుజరాత్ ప్రభుత్వంతో మాట్లాడాలి. తెలుగు బడుల్లో పిల్లల చదువు మధ్యలో ఆగకుండా చూసుకోవాలి. వ్యాపారులు ప్రతి బట్ట మీద నేసిన ఊరి పేరు అచ్చువేయాలి.

ఇక కొనేవారికి మా విన్నపం. పెళ్లికో పండగకో కొనే వాటిలో ఏడాదికి ఒక్కటైనా చేనేత ముద్ర చూసి కొనండి. కొన్న బట్టను ఏళ్లతరబడి వాడండి. దుకాణంలో ధర అడిగినట్టే, ఎవరు నేశారు, ఎక్కడ నేశారు అని కూడా అడగండి. మూడు వందల ఏళ్లు ఈ దేశపు నేతగాడి బతుకును లండన్ అభిరుచి శాసించింది. ఇకమీదట ఆ బతుకును నిలబెట్టాల్సిన బాధ్యత మన కొనుగోలుది.